పిన్ని ముక్కే కావాలి

అద్దె మేడ, వీధి వైపు గది
ఆదివారం

పిన్నీ,

క్షేమసమాచారాలు అమ్మ ఎలాగూ రాస్తుంది. నేను సూటిగా విషయానికొస్తాను. ముక్కు ఆపరేషన్ చేయించుకోవాలనుకుంటున్నాను. జబ్బేం లేదు, ఆకారం మార్పించుకోవడానికి. అమ్మకు ఇంకా చెప్పలేదు. చెబితే ముందు ఏడుస్తుంది, తరవాత "మా అమ్మ ముక్కే నీకొచ్చింది, దానికేమొచ్చింది మాయరోగం?" అంటుంది. అమ్మమ్మ ముక్కు అమ్మమ్మకు బాగానే ఉండేది. ఆవిడ టీవీలో కనపడలేదు.

వార్తలు వచ్చేటప్పుడు తెర అడుగున చిన్న గడిలో నిలబడి, చెవులు వినపడనివాళ్ల కోసం అదంతా చేతులతో చెప్పడం నా పని అని నీకు తెలుసు. ఇన్నాళ్లూ కెమెరా ఎదురుగా ఉండేది. ఇప్పుడు కొత్తగా, వార్తలు చదివేవాళ్ల వైపు కాస్త తిరిగి నిలబడమన్నారు. దాంతో పక్క నుంచి కనపడుతున్నాను. ఆ గడిలో సగం నేను, సగం నా ముక్కు మీది గుట్ట.

అదైనా ఓర్చుకునేదాన్ని. వినపడనివాళ్లు ఒకరినొకరు అక్షరాలతో పిలుచుకోరు. మనిషిని చూసి ఒక సైగ పెడతారు, అదే ఆ మనిషి పేరు. గడ్డం ఉన్నాయనకు గడ్డం, నవ్వితే సొట్ట పడే ఆమెకు సొట్ట. నాకు పెట్టిన పేరు ఏమిటంటే, చూపుడువేలు ముక్కు మొదట్లో పెట్టి, మధ్యలో గుట్ట ఎక్కించి, కిందికి దించుతారు. ఎగతాళి కాదు, ప్రేమగానే పెట్టారు. కానీ మొన్న వాళ్ల సభకు వెళితే, నేను వేదిక ఎక్కగానే హాలంతా నన్ను పేరు పెట్టి పిలిచింది. వందల వేళ్లు వందల ముక్కుల మీద గుట్టెక్కి దిగాయి. నవ్వాను పిన్నీ. ఇంటికొచ్చి ఏడ్చాను.

నాకు నీ ముక్కు కావాలి. అమ్మా నువ్వూ ఒక తల్లి పిల్లలే, అమ్మకూ ఆ గుట్టే వచ్చింది. నీకూ చిన్నప్పుడు ఉండేదని, ఎదిగేకొద్దీ తీరిపోయిందని అమ్మ అంటుంది. ఆ మాట నమ్మి నేనూ ఎదురుచూశాను. ముప్పై దాటాయి, తీరలేదు.

నీ మేకప్ గదిలో అల్మరా మీద నీ ముఖం అచ్చు ఉంటుంది కదా, నటులకు పెట్టే ముక్కులు తయారుచేసే ముందు నువ్వు మట్టి అద్ది చూసుకునే తెల్లటి ప్లాస్టరుది. అది నాకు పంపు. ఫొటోలో ముక్కు ఒకవైపే తెలుస్తుంది. అచ్చయితే డాక్టరు చేతిలో పెట్టి "ఇదిగో, ఇలా" అనొచ్చు.

ఫోన్ చేస్తే రెండు ముక్కల్లో పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

కందిరీగ


నాటకశాల, మేకప్ గది
బుధవారం

కందిరీగా,

నీ ఉత్తరం చదివి ముక్కున వేలేసుకున్నాను. వేలికి జిగురుందని మరిచిపోయాను. ఆ వేలు ఊడదీసుకునేసరికి సగం పొద్దు పోయింది.

అచ్చు పంపను. కొత్త నాటకంలో అందరూ ముసలివాళ్లే. అందరికీ కొత్త ముక్కులు కావాలి. అది లేకపోతే నాకు పని సాగదు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది, నీకు తెలియదేమో. నేను చేసిన ముక్కును ఏ నటుడైనా వేషానికి ముందు ఒక పగలంతా పెట్టుకుని తిరగాలి. దాంతోనే తినాలి, తుమ్మాలి, పెళ్లాంతో పోట్లాడాలి. అద్దంలో బాగుందని వెంటనే స్టేజీ ఎక్కితే, రెండో సీనులోనే అది తోక ఝాడిస్తుంది. నీకూ ఆ పద్ధతే పెడదామంటే నీకు కావలసింది చిన్న ముక్కాయె. నాకు వచ్చింది అతికించే విద్య, తీసేసే విద్య కాదు. కాబట్టి నీకొక పెద్ద ముక్కు పంపుతున్నాను. జిగురు సీసా కూడా పెట్టాను. ఒక రోజంతా పెట్టుకుని సాయంత్రం తీసెయ్. నీ ముక్కు ఎంత చిన్నదో నీకే తెలుస్తుంది. ఖర్చు లేదు, కట్టు లేదు.

సరదా పక్కన పెట్టి ఒక మాట. ముక్కంటే బయటికి కనపడేది ఒక్కటే కాదే. ముఖం మధ్యలో అలంకారానికి పెట్టింది కాదు అది. తొందరపడకు. ఏ డాక్టరు కుర్చీలోనూ కూర్చోకు.

ఫోన్ సంగతంటావా, ఫోన్లో నా గొంతు మూత పెట్టిన డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. వింటే నాకే చిరాకు.

పిన్ని


అద్దె మేడ
శనివారం

పిన్నీ,

నీ పెద్ద ముక్కు పెట్టుకున్నాను. అమ్మ ఆ రోజే చెప్పాపెట్టకుండా వచ్చింది. తలుపు తీశాను. "ఎవరు కావాలండీ?" అని అడిగింది నన్ను, నా గుమ్మంలో. తరవాత నవ్వి నవ్వి మెట్ల మీద కూలబడింది. నవ్వుతున్నప్పుడే సంగతి చెప్పేశాను. నవ్వు ఆగిపోయింది. ఏడుపు మాత్రం రాలేదు. "మీ పిన్నిని అడుగు, ముక్కుల సంగతి దానికే తెలుసు" అంది.

నువ్వన్నది నిజమే, సాయంత్రం ముక్కు తీశాక నాది చిన్నగా కనిపించింది. మొహం కడుక్కుని తుడుచుకునేసరికి మళ్లీ ఎంత ఉండాలో అంతా అయింది.

ఈలోపు ఒక కాస్మెటిక్ క్లినిక్‌కు వెళ్లాను. గాజు తలుపులు, ఎక్కడ చూసినా అద్దాలు. అక్కడి డాక్టరు నన్ను మూడు వైపుల నుంచి ఫొటో తీసి, కంప్యూటర్లో నా గుట్టను వేలితో అలా తుడిచేశాడు. పిన్నీ, పక్క నుంచి నేను ఎంత బాగున్నానో! "ఒక్క పూట పనండీ, ఇంత సులువైనది నా దగ్గరికి ఈ వారంలో రాలేదు" అన్నాడు. లోపల చూడరా అంటే, "మార్చేది బయట కదమ్మా" అన్నాడు. నెలాఖరుకు తారీఖు ఇచ్చాడు. ఒప్పుకున్నాను.

కాబట్టి అచ్చు పంపు. కంప్యూటర్ బొమ్మలో ముక్కు నున్నగా ఉంది గానీ ఎవరిదో లాగా ఉంది. నీదైతే మనింటి ముక్కే. నన్ను చూసిన అమ్మకు కూడా కొత్తగా ఉండదు.

నువ్వు పంపకపోతే నేనే వచ్చి పట్టుకుపోతాను. చక్కటి ముక్కున్నవాళ్లకేం, ముక్కు అలంకారానికి కాదని ఎన్ని నీతులైనా చెబుతారు. గడిలో నిలబడేది నేను.

కందిరీగ


నాటకశాల, మేకప్ గది
మంగళవారం

నీ ఉత్తరంలో చివరి మాట గుచ్చుకుంది. పోనీలే, కందిరీగ అని పేరు పెట్టిందే నేను.

అచ్చు పంపుతున్నాను. మా సామాన్ల వ్యాను అటు వస్తోంది, డ్రైవరు నీ చేతికే ఇస్తాడు. పాత కోట్లలో చుట్టాను. ప్లాస్టరు పెళుసు, కింద పడేయకు.

ఊరికే పంపడం లేదు. నాదొక షరతు. మా గాయకుడి గొంతు బాగుచేసిన ఈఎన్‌టీ డాక్టరమ్మ ఒకావిడ మీ పెద్దాసుపత్రిలోనే ఉంది. ముక్కులు సరిచేయడం కూడా ఆవిడ పనే. ముందు ఆవిడ దగ్గరికి వెళ్లు. లైటు వేసి లోపల చూడమను. గాలి ఎటు పోతోంది, ఎటు పోవడం లేదు, అన్నీ చూడమను. ఆవిడ ఏం చెప్పిందో ఒక్క మాట మింగకుండా నాకు రాయి. ఆ తరవాత నీ ముక్కు, నీ ఇష్టం.

ఈ ఒక్కటీ నా కోసం చెయ్యి. బతిమాలుతున్నాననే అనుకో.

పిన్ని


అద్దె మేడ
శుక్రవారం

పిన్నీ,

ఆసుపత్రి నుంచి ఇప్పుడే వచ్చాను. చెప్పులు కూడా విప్పలేదు. నువ్వన్నట్టు ఒక్క మాట మింగకుండా రాస్తున్నాను.

డాక్టరమ్మది చిన్న గది, ఒకే కిటికీ. ఆవిడ పొట్టిగా ఉంటుంది, మాట్లాడేటప్పుడు మన ముఖం వైపు కాక ముక్కు వైపే చూస్తుంది. ముందు చల్లటి లోహపు రేకొకటి నా ముక్కు కింద పెట్టి గాలి వదలమంది. రేకు మీద ఎడమవైపు అరచేతి గుంటంత ఆవిరి, కుడివైపు చిక్కుడు గింజంత. "ఇది ఎప్పటినుంచి?" అంది. ఏది అన్నాను. "కుడివైపు గాలి ఆడకపోవడం." నాకు తెలియనే తెలియదు పిన్నీ. అందరికీ అంతే ఆడుతుందనుకున్నాను.

తరవాత నా కుడి చెంప మీద రెండు వేళ్లు పెట్టి చెవి వైపుకి లాగి, "ఇప్పుడు పీల్చండి" అంది. ఎవరో లోపల కిటికీ తెరిచినట్టయింది. వేళ్లు తీసింది, మళ్లీ మూసుకుపోయింది. నేనే ఇంకోసారి లాగమని అడిగాను.

లోపల గొట్టంలాంటి కెమెరాతో చూసి, స్కాన్ తీయించి, చివరికి కూర్చోబెట్టి చెప్పింది. ముక్కులో పై సగం గట్టి ఎముక, కింది సగం మెత్తటి ఎముక ఉంటాయట. నా గట్టి ఎముక మామూలు వాళ్లకంటే బాగా పొట్టిదట. దాని కింద మెత్తటిదేమో పల్చన. మధ్య గోడ కుడివైపుకు వంగి ఉంది. "అందరికీ ముక్కు దూలం ఎముక మీద ఆనుకుంటుంది. మీకు ఆ గుట్టే దూలం. అది చెక్కేస్తే పక్క గోడలు రెండూ లోపలికి కూలతాయి. అద్దంలో కొన్నాళ్లు బాగానే ఉంటుంది, గాలి మాత్రం ఉన్నది కూడా పోతుంది" అంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. కంప్యూటర్ బొమ్మ చూపించాను. "బొమ్మకు ఊపిరి అక్కర్లేదు కదండీ" అంది.

అప్పుడు నీ అచ్చు తీసి ఆవిడ చేతిలో పెట్టాను. మా పిన్నిది, ఇలాంటిది చేయగలరా అన్నాను.

ఆవిడ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగుకు పక్కగా పట్టుకుంది. బొటనవేలితో ముక్కు మీద పైనుంచి కిందికి రాసింది. మధ్యలో ఆగింది. మళ్లీ రాసింది. నన్ను పిలిచి చూపించింది. ముక్కు మధ్యలో రెండు పక్కలా వేళ్లతో నొక్కినట్టు చిన్న గుంటలు, వాటి పైన ఎముక అంచు మెట్టులా. నేను ఇన్నేళ్లూ నీ ముఖం చూస్తున్నాను పిన్నీ, ఆ గుంటలు ఎప్పుడూ చూడలేదు.

"మీ పిన్నిగారు నోటితో గాలి పీలుస్తారా?" అని అడిగింది.

నాకు నువ్వు పడుకుని నిద్రపోవడం గుర్తే లేదు. ఎప్పుడూ పడక్కుర్చీలోనే. నోరు కొద్దిగా తెరుచుకుని. ఫోన్లో నీ గొంతు. ఇవన్నీ చెప్పాను.

"ఇది పుట్టుకతో వచ్చిన ముక్కు కాదండీ. ఎవరో గుట్ట తీసేశారు. దీని కింద కూడా మీలాగే పొట్టి ఎముక ఉండి ఉంటుంది" అంది.

నిజమా?

కందిరీగ


నాటకశాల, మేకప్ గది
సోమవారం

కందిరీగా,

నిజమే.

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. ముఖాలు మార్చి బతికేదాన్ని, నా ముఖం అచ్చుపోసి ఒక డాక్టరు చేతికి పంపించాను! రోజూ పొద్దున్నే ముక్కుకు రెండు పక్కలా లేత రంగు, మధ్యలో ముదురు రంగు అద్ది, ఆ గుంటలు కనపడకుండా చేసుకుని గానీ గది దాటను. ఎన్నేళ్లుగానో అదే పని. చెయ్యి దానంతట అదే పోతుంది. అద్దంలో నేను చూసేది కూడా రంగేసిన ముక్కునే. ప్లాస్టరుకు రంగు వేయలేదన్న సంగతి నాకు తట్టనే లేదు. ఇంత తెలివితక్కువ పని లోకంలో ఇంకో మేకప్ మనిషి చేయదు.

నేను మొదట స్టేజీ ఎక్కడానికే వచ్చాను, ముక్కులు అతికించడానికి కాదు. అప్పటికి నాకు నీ వయసు కూడా లేదు. పక్కకు తిరిగితే గుట్ట కనపడుతుంది, కథానాయిక వేషానికి పనికిరావన్నారు. నాటకాల వాళ్లతో ఊళ్లు తిరుగుతున్నప్పుడు ఎక్కడో ఒక డాక్టరు ఒక్క పూట పనన్నాడు. ఆ మాటే నీ ఉత్తరంలో చదివాక నీకు ఆ షరతు పెట్టాను. తిరిగి వచ్చాక ఇంట్లో ఏం చెప్పాలా అని దారంతా ఆలోచించాను. చెప్పాల్సిన పనే పడలేదు. అక్క నన్ను చూసి, "చూశావా అమ్మా, ఎదిగేకొద్దీ తీరిపోయింది" అంది. అమ్మ తలూపింది. వాళ్లే నాకో కథ అల్లి చేతికిచ్చారు, నేను పుచ్చుకున్నాను.

మొదటి ఏడాది బాగానే ఉంది. కథానాయిక వేషం వేశాను కూడా. తరవాత కొద్దికొద్దిగా గోడలు లోపలికొచ్చాయి. పొడుగు డైలాగు మధ్యలో ఊపిరి చాలేది కాదు. ఒకసారి స్టేజీ మీద మాట ఆగిపోయింది. జనం నేను ఏడుస్తున్నానని చప్పట్లు కొట్టారు. ఆ తరవాత నేనే తెర వెనక్కి వచ్చేశాను. అందరూ నాకు ఈ పని ఇష్టమనుకున్నారు. చేయగా చేయగా నిజంగానే ఇష్టమైంది, అది వేరే సంగతి.

నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడే ఇదంతా రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోయాను. మీ అమ్మ ఇన్నేళ్లుగా గొప్పగా చెప్పుకునే ముక్కు కదే ఇది. అందుకే పెద్ద ముక్కులూ నీతులూ పంపించాను. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడం అంటే ఇదే.

నీ ఉత్తరం చదివాక అద్దం ముందు నిలబడి, నువ్వు రాసినట్టే, రెండు చెంపలూ చెవుల వైపుకి లాగాను.

గాలి వచ్చింది. రెండు వైపులా. చల్లగా, లోపలిదాకా. నా చేతులు నొప్పి పుట్టేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాను. నటుడొకడు లోపలికొచ్చి, ఇదేం వేషమమ్మా అని అడిగాడు.

ఆ తారీఖు రద్దు చేయించావని ఒక్క ముక్క రాయి. అప్పటిదాకా నాకు అన్నం సయించదు.

పిన్ని


అద్దె మేడ
గురువారం

పిన్నీ,

రద్దు చేశాను. నీ ఉత్తరం రాకముందే చేశాను. క్లినిక్ అమ్మాయి "ఇంకో రోజు చూడమంటారా మేడమ్?" అంది. "వద్దమ్మా, ఈ ముక్కుతో నాకు ఇంకా పనుంది" అన్నాను. ఫోన్ పెట్టాక కుర్చీలో వెనక్కి వాలి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను, ఎడమవైపు నుంచి.

నీ మీద కోపం రాలేదా అంటే ఒక పూట వచ్చింది. తరవాత, నువ్వు గనక ఆ షరతు పెట్టకపోతే అని ఆలోచించాను. కోపం దిగి భయం ఎక్కింది, ఆ భయం కూడా ఇప్పుడు దిగింది. నువ్వు చెప్పలేనిది చెప్పించడానికి డాక్టరమ్మ దగ్గరికే పంపావు. నాకది చాలు.

డాక్టరమ్మతో మళ్లీ మాట్లాడాను. గుట్ట పైపైన కొద్దిగా తగ్గించి, కూలకుండా లోపల ఊతాలు పెట్టొచ్చట. ముక్కు మార్చుకోవడం తప్పని ఆవిడ అనలేదు. "మీకు మాత్రం మార్పు తక్కువ, పని ఎక్కువ. కొన్ని నెలలు ముక్కు బిర్రుగా ఉంటుంది, మీ పనికి ఫరవాలేదా?" అంది. నా పనికి అది కుదరదు. వినపడనివాళ్ల భాషలో ముక్కు చిట్లిస్తే ఒక అర్థం, ఎగరేస్తే ఇంకో అర్థం. ముక్కు కదలకపోతే నేను సగం నత్తి మనిషిని. అందుకని లోపలి గోడ ఒక్కటీ సరిచేయించుకుంటాను. బయట ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

నాకు ఈ భాష నేర్పిన మాస్టారికి కూడా విషయం చెప్పాను. ఆయనకు పుట్టినప్పటినుంచి వినపడదు. గుట్ట తీసేస్తే నా పేరు మారుస్తారా అని అడిగాను. ఆయన చేతులు ఎలా నవ్వాయో నీకు చూపించాలి! "పేరు పెట్టాక పెట్టినట్టే. గుట్ట పోయినా నిన్ను అలాగే పిలుస్తాం. కొత్తవాళ్లు, ముక్కు సాఫీగా ఉందిగా, ఈ పేరేమిటని అడుగుతారు. వచ్చిన ప్రతివాడికీ ఆపరేషన్ కథంతా చెప్పాలి. మా చేతులు నొప్పెడతాయమ్మా" అన్నారు. నాకూ నవ్వొచ్చింది. ఆ సభ తలుచుకున్నా ఇప్పుడు అంత బాధ లేదు. అసలు లేదనను.

ఇక అసలు సంగతి. నీ రెండు చెంపల ముచ్చట డాక్టరమ్మకు చెప్పాను. ఆవిడ కుర్చీలోంచి లేచింది. "లాగితే గాలి వచ్చిందా? అయితే దారి ఉంది, తలుపులే వాలిపోయాయి. ఊతం పెట్టొచ్చు" అంది. చెవి వెనక నుంచి మెత్తటి ఎముక కొంచెం తీసి ముక్కులో రెండు పక్కలా నిలబెడతారట. ఒకసారి కోసిన ముక్కు కాబట్టి కష్టమేనట, పూర్తిగా అవుతుందని మాట ఇవ్వలేనంది. కానీ ఇప్పటికంటే మేలు తప్పకుండా ఉంటుందంది.

రా పిన్నీ.

కందిరీగ


నాటకశాల, మేకప్ గది
ఆదివారం

కందిరీగా,

నీ తారీఖు రద్దయిందని చదివాక కడుపునిండా తిన్నాను. నా సంగతి వదిలెయ్. ఈ వయసులో నాకెందుకే? నిండా మునిగినవాడికి చలేమిటి? నోటితో పీల్చడం అలవాటైపోయింది. నోరున్నది అందుకే అనుకుంటున్నాను.

అసలు మాట చెబుతాను. భయంగా ఉంది. మొదటిసారి భయం లేకుండా వెళ్లాను, చూడు ఏమైందో. ఇంకోసారి ఎవరో కత్తి పట్టుకుని నా ముఖం మీదికి వంగుతారంటే నా వల్ల కాదే. ఇప్పుడున్న ఈ కాస్తా పోతే?

పైగా మీ అమ్మకు తెలియాలి. అది కత్తికంటే కష్టం.

పిన్ని


అద్దె మేడ
బుధవారం

పిన్నీ,

ఆ కష్టం తీరిపోయింది. నేను చెప్పేశాను. తిట్టుకో.

అమ్మ లేచి నిలబడి, "ఎదిగితే తీరుతుందని ఊరందరికీ చెప్పానే! పక్కింటి పిల్ల ఏడుస్తుంటే దానికి కూడా చెప్పాను! ఆ పిల్లకు ఇప్పుడు నా ముఖం ఎలా చూపించను?" అంది. నీ మీద ఆవిడకున్న మొదటి ఫిర్యాదు ఇదే. రెండోది కాసేపయ్యాక వచ్చింది. వంటగదిలోంచి, అటు తిరిగే ఉండి, "స్టేజీ మీద దానికి మాట ఆగిపోయిన రోజు నేను ముందు వరసలోనే ఉన్నాను. చప్పట్లు కొట్టింది నేనే ముందు" అంది. తరవాత ఏడ్చింది పిన్నీ. చాలా ఏడ్చింది.

ఇప్పుడు పెట్టె సర్దుతోంది. రేపు పొద్దున బస్సుకు నీ దగ్గరికి వస్తోంది. నిన్ను చెవి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళుతుందట. ఆ చెవి వెనక ఎముకే కావాలి, జాగ్రత్తగా పట్టుకోమన్నాను.

నాకు వచ్చే వారమే ఆపరేషన్. నీకంటే ముందు నేను పడుకుని చూస్తాను. ఆ డాక్టరమ్మ చెయ్యి ఎలాంటిదో నన్ను చూసి తెలుసుకో. నచ్చకపోతే వెనక్కి వెళ్లిపో, ఎవరూ ఆపరు.

కందిరీగ


అక్క ఇల్లు, హాలు
శనివారం

కందిరీగా,

నువ్వు కోలుకుని ఇక్కడినుంచి నీ మేడకు వెళ్లి వారమే అయింది గానీ ఉత్తరం రాయాలనిపించింది. ఫోన్లో మాట్లాడొచ్చు నిజమే, గొంతు మూత తెరుచుకుంది. అలవాటు పోదు కదా.

ఆ రోజు ఆసుపత్రిలో నీ ముక్కులోంచి దూది తీసినప్పుడు నువ్వు కళ్లు పెద్దవి చేసి, నా వైపు చూసి చేతులతో ఏదో చెప్పావు. నాకు మీ భాష రాదు. అయినా అర్థమైంది. అందుకే నేనూ ఆపరేషన్ బల్ల ఎక్కాను.

నాకు నిన్న కట్టు పూర్తిగా తీశారు. డాక్టరమ్మ ముందే చెప్పింది, ఊతం పెడితే దూలం కాస్త పైకి లేస్తుంది, మళ్లీ కొంచెం గుట్టలా కనపడొచ్చు, ఫరవాలేదా అని. పెట్టమన్నాను. ఇంకా వాపుంది, అయినా తెలుస్తోంది. అద్దం చూసుకుంటే ఒక్క క్షణం మా అమ్మ నా వైపు చూసినట్టనిపించి, పలకరించబోయాను. అక్క మాత్రం పక్కింటి పిల్లను పిలుచుకొచ్చి మరీ నన్ను చూపించింది. "చూడమ్మా, పెద్దయితే పోతుందన్నాను కదా. ఇంకా పెద్దయితే మళ్లీ వస్తుంది" అంది. ఆ పిల్ల ఏం నమ్మిందో దేవుడికే తెలియాలి.

ఎడమవైపు బాగా ఆడుతోంది. కుడివైపు అంతకంటే కొంచెం తక్కువ. డాక్టరమ్మ అది కూడా నెమ్మదిగా మెరుగవుతుందంది. మెరుగవకపోయినా నాకు బాధ లేదు. నువ్వు ఉన్న ముక్కుతోనే బయటపడ్డావు, నాకు పోయిన ఊపిరి వచ్చింది. ఇంతకంటే ఆశపడితే కళ్లు పోతాయి.

ఈరోజు మధ్యాహ్నం జరిగింది చెబుతాను. తిన్నాక అక్క చాప వేసి పడుకుంది. నాకు కుర్చీ తెచ్చిపెట్టబోతే వద్దన్నాను. దాని పక్కనే వెల్లకిలా పడుకున్నాను, చిన్నప్పటిలాగా. నోరు మూసుకున్నాను. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

మెలకువ వచ్చి చూస్తే అక్క నా మీదికి వంగి ఉంది. ముఖం పాలిపోయింది. వేలు నా ముక్కు కింద పెట్టి ఉంది. "ఏమిటే, చప్పుడే లేదు నీకు?" అంది. వేలు తీయకుండా అలాగే కూర్చుని ఏడుస్తోంది.

ఆడుతోందక్కా అన్నాను. రెండు వైపులా ఆడుతోంది.

పిన్ని